తరుగు

ఐసు ఫ్యాక్టరీలో క్రషరు ఆగి ఇవాళ్టికి నలభై రోజులు.
వేట నిషేధం.
ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని
భోజనాలయ్యాక చాప మీద వాలిన పెళ్ళివారిలా ఉన్నాయి.
డాల్ఫిన్స్ నోస్ మీద కదలని ఎండ.
ఒడ్డుకి లాగిన బోటు కింద
ఎల్లాజీ వెల్లకిలా పడుకుని గీకుతున్నాడు.
ఏడాదంతా అడుగున పట్టిన గుల్లలు
వాడి ఛాతీ మీద టపటపా రాలుతున్నాయి.

లోకానికి సంవత్సరం జనవరిలోనో ఉగాదికో మారుతుంది.
నాకు మాత్రం ఈ అరవయ్యొక్క రోజుల్లో.
లెక్కలు రాసేదానికి
లెక్క చూసుకునే తీరిక అప్పుడే.

పెయింట్ల కొట్టువాడిచ్చిన డైరీ,
ఉప్పుగాలికి ఉబ్బి, అప్పడంలా అంచులు లేచింది.
కిందటి జూన్లో, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి
బోట్లు వదిలిన పొద్దున
వెనకట్ట లోపల రాసుకున్నాను:
ట్యాలీ నేర్చుకోవాలి.
మోకాళ్ళ కోసం బీచ్‌లో నడవాలి.
మాట తగ్గించాలి. దీని కింద రెండు గీతలు.

ట్యాలీకి తొమ్మిది రోజులు వెళ్ళాను.
ఫీజు రసీదు సెప్టెంబరు పేజీలో నిద్రపోతోంది.
నడక మొదలుపెట్టిన వారమే తుపాను హెచ్చరిక.
తుపాను ఒడిశా వైపు తిరిగిపోయింది,
నేను మంచం వైపు.
రెండు గీతల సంగతి తర్వాత చెప్తాను.

మా రిజిస్టరులో ఒక గడి ఉంది. తరుగు.
ఫ్యాక్టరీ గుమ్మం దాటిన ఐసుకీ
బోటు కడుపులో దిగిన ఐసుకీ మధ్య
ఎండ తిన్నది, బండి కుదుపుకి రాలింది,
పిల్లలు చప్పరించడానికి పెచ్చు కొట్టుకుపోయింది
అంతా అందులోనే.
ఇరవై రెండేళ్ళుగా
నేల తాగేసిన నీళ్ళని అంకెలు చేస్తున్నాను.
మనిషి తరుగు రాసే గడి
ఎవరూ గీసివ్వలేదు.

నవంబరు పంతొమ్మిది.
ఆరు దిమ్మలు తక్కువొచ్చాయని
బండెయ్యని జెట్టీ మీద అందరి ముందూ నిలబెట్టాను.
"ఏటి, మీ మావ సోడా కొట్టుకి పంపినావా?" అన్నాను.
జనం నవ్వారు. నాకు ఇంకో రెండు మాటలు దొరికాయి.
కూలీలో ఆరువందల అరవై కోసేను.
వాడు నెత్తి మీది తువ్వాలు తీసి
చేతులు తుడుచుకున్నాడు, అంతే.
నెల తిరక్కుండా వేరావల్ రైలెక్కేశాడు.

నిన్న మధ్యాహ్నం, ఏమీ తోచక, ఆ పేజీ మళ్ళీ కూడాను.
మళ్ళీ.
మూడోసారి వేళ్ళ మీద.
నా చేతిరాతే.
ఒకటిని ఏడు అని చదివాను.
ఆరు దిమ్మలు ఎక్కడా కరగలేదు.
అసలు లేవు.

నంబరు వాళ్ళత్త పైడమ్మ దగ్గర దొరికింది,
ఎండుచేపలు తిరగేస్తూ నోటికే చెప్పింది.
రింగవుతుంటే
కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి.
అక్కడింకా వేట నడుస్తోంది, వెనకాల క్రషరు హోరు.
"తప్పు నాదిరా. కూడికలో."
కాసేపు హోరే.
"మీరు కూడితే తప్పు రాదు కదమ్మా," అన్నాడు.
"నానే ఎక్కడో మర్సిపోయి దించీసినాననుకున్నాను.
ఇక్కడ కూడా రోజూ మూడేసి సార్లు లెక్కెడతన్నాను,
నా మీద నాకే నమ్మకం సాలక."

డబ్బు ఫోనులోనే పంపేశాను. టింగుమంది, చేరింది.
ఆ ఆరు నెలల్ని ఎలా పంపాలో
ఫోనులో వెతికినా లేదు.

సాయంత్రం ఎల్లాజీ టీ అడిగాడు.
బోటు అడుగున అసలు చెక్క బయటపడింది,
లేత గోధుమరంగు, అక్కడక్కడా గాట్లు.
"రంగేసీడానికి తొందర నేదు," అన్నాడు,
"ముందర ఆరనీయాల."

వెనకట్ట తెరిచాను.
రెండు గీతల మాటని కొట్టెయ్యలేదు.
పక్కన ఒక గడి గీశాను, బండెయ్య పేరు రాశాను,
అంకె దగ్గర పెన్ను ఆగిపోయింది.
ఆగనీ.
ట్యాలీకి మళ్ళీ వెళ్తాను, బోట్లు వదిలాక.
నడక సంగతి మోకాళ్ళనే అడగాలి.
ఏడు నడుముకి అడ్డగీత పెట్టడం మాత్రం
ఇవాళ్టి తేదీ నుంచే మొదలుపెట్టాను.