తొట్టి కొలత

"తొట్టి ఎంతుంటే చేప అంతే పెరుగుతది,
ఫికర్ చెయ్యకు" అన్నడు మొయిజ్ భాయి.
నల్లగొండ గడియారం కాడ
పాలిథిన్ కవర్ల గాలి నింపి, రబ్బరు చుట్టి
ఆస్కార్ పిల్లను నా చేతుల పెట్టిండు.
బొటనవేలంత లేదు.
చండూరు బస్సుల ఒళ్లె పెట్టుకొని కూసున్న.
గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులు
వాటంతటవే గిన్నెలైనయి.

మూడు నెలలకు అరచేయి అంత.
నాలుగో నెల ఆగిపోయింది.
కండ్లొక్కటే పెద్దగైతున్నయి,
ఒళ్లు అక్కడ్నే ఉన్నది.
మర్లుదామంటే తోక అద్దానికి తాకుతున్నది.

అండాలక్క గడప మీదికెళ్లి చూస్తున్నది.
ఆమె లేవాలంటే
ముందుగాల చెయ్యి గోడను వెతుకుతది.
ఏడేండ్లకే వంగిన కాళ్లు.
అప్పుడు మా వాడకట్టుకు ఒక్కటే బోరింగు,
రుచికి ఏ వంకా లేని నీళ్లు.
నేను పుట్టేసరికి
బండి మీద డ్రమ్ములొస్తున్నయి.
పన్నెండేండ్ల తేడా.
పాలు మాత్రం ఇద్దరం ఒక్క తల్లియే తాగినం.

"అది పెరుగుడు కాదుర, పెరగలేక ఆగుడు" అన్నది.
"ఆగినదాన్ని చూసి
సరిపోయింది అనుకుంటరు బయటోళ్లు."

నేను అద్దాలు కోసేటోన్ని.
బీరువాలకు, సెలూన్లకు, ఫంక్షన్ హాళ్లకు.
ఆ రాత్రి పన్నెండు ఎంఎం అద్దం
మొదటిసారి నా ఇంటికోసం గీసిన.
నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు.
సిలికాన్ ఆరేదాక వారం రోజులు
ఇల్లంత చింతపండు పిసికినట్టు పుల్లటి వాసన.
"అర టన్ను నీళ్లు, గచ్చు ఆగుతదా?"
వెల్డింగు లింగస్వామి మూడుసార్లు అడిగిండు.

కొత్త నీళ్లల్ల వదిలితే
పక్కకు ఒరిగి అడుగున పండుకున్నది.
నాకు పానం పోయింది.
"అలిగిందిర. కొత్తింట్ల ఎవలికైన అంతే" అని
అక్క నవ్వింది.
మూడో పొద్దుకు లేచి
నేను పేర్చిన రాళ్లన్నీ దాని తీరుగ మార్చుకున్నది.
ప్లాస్టిక్ చెట్టును పీకి పైకి తేల్చింది,
ఇది నాకేంది అన్నట్టు.

ఆదివారం మూడో వంతు నీళ్లు మారుస్త.
నల్లా నీళ్లు బ్లీచింగు వాసనొస్తయి,
దూరం నడిచొచ్చిన సుట్టాన్ని కూసోబెట్టినట్టు
ఒక రాత్రంత డ్రమ్ముల నిలబెడుత.
బోరు నీళ్లు మాత్రం అక్క ముట్టనియ్యదు.
"చేపకేం కాదక్కా" అన్న.
"నాకు గూడ ఏం కాదనే అన్నరు."
మళ్ల ఆ మాట ఎత్తలే.

పొద్దుమాపు ఇన్ని గింజలు,
బర్ల కొట్టం ఎనుక తవ్విన ఎర్రలు అప్పుడప్పుడు.
శుక్రవారం పస్తు.
పక్కింటి పొట్టోడు ఒకరోజు
అటుకుల గిన్నె మొత్తం కుమ్మరించిండు.
ఫిల్టరు కడుగుతుంటే నేను తిట్టిన తిట్లు
వాడకట్టంత విన్నది.
చేప మాత్రం ఇంకా కావాలని నోరు తెరిచే ఉంది.

మే నెలల గాలివానకు కరెంటు పోయింది.
నేను మునుగోడుల పనికాడ ఉన్న.
ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు.
చీకట్ల చెంబు చప్పుడు.
తొట్ల ముంచుడు, ఎత్తుడు, పైకెళ్లి పొయ్యుడు.
నీళ్లకు గాలి తగలాలంటే అట్లనే చెయ్యాలని
నేనే ఎప్పుడో చెప్పిన్నట.
భుజం దాటి లేవని చెయ్యితోని
ఎన్ని చెంబులు పోసిందో,
అడిగితే లెక్క చెప్పలేదు.
"ఊపిరి తీస్తున్నది చూడు" అన్నది.

ఇప్పుడది పదకొండు అంగుళాలు.
అద్దం మీద నేను గీసుకున్న గీతలు
తుడవొద్దని అక్క ఆన పెట్టింది.

స్టాండు ఇంత తక్కువెత్తు ఎందుకు పెట్టించినవని
వచ్చినోళ్లు అడుగుతరు.
వాళ్లు నడుం వంచి చూడాలె.
అక్క పీట మీద కూసుంటే
చేప కన్ను, ఆమె కన్ను
ఒక్క గీత మీద ఉంటయి.