కొమ్ముకత్తి

పర్లాకిమిడిలో ఆ ఏడు వాన వదలని కార్తీకం.
మున్సిపల్ ఆఫీసు ముందు తాటాకు పందిరి,
పందిరి కింద పసుప్పచ్చ తెర,
తెర వెనక ఎడంపక్క, కిరసనాయిలు డబ్బా మీద నేను.
ఒక చేతిలో నోటుబుక్కు, ఒక చేతిలో బ్యాటరీ లైటు.
ముప్ఫై రెండేళ్లుగా నా వేషం ఇదే:
ఎవరికీ కనబడకుండా
అందరి మాటా ముందే తెలిసినవాణ్ణి.

నాటకం పాతదే.
ఎప్పటిదో దంతపురం, ఎవరో కళింగరాజు,
ఏడుగురు మంత్రులు, ఎనిమిదోవాడు స్నేహితుడు.
ఏడు పోట్లకీ రాజు చావడు.

రాజు వేషం బరాటం లోకనాథానిది.
పగలు ఊరికి చైర్మన్ కూడా ఆయనే.
స్నేహితుడు తవిటాచారి, నాలుగో వార్డు మెంబరు, కొమ్ముపని వాడు.
దున్నపోతు కొమ్ముని నిప్పుసెగ మీద వంచి
కొంగని చేస్తాడు,
మీసం ఒక్కటీ విరక్కుండా రొయ్యని చేస్తాడు.
నాటకంలో తన కత్తి తనే చేసుకున్నాడు.
నల్లటి నునుపు, మొద్దు అంచు,
పిడి మీద రెండు చిలకలు,
ఒకదాని ముక్కు ఇంకోదాని మెడలో.
ముద్దాడుతోందో పొడుస్తోందో
మేం అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ వేళ పగలు పదకొండింటికి
అవిశ్వాసం.
కాగితం ఒడియాలో ఉంది.
అడుగున సంతకాలు మాత్రం తెలుగులో,
బడిగంటకి వరసలో నిలబడ్డ పిల్లల్లా.
పదహారుమందిలో పది.
పదకొండోదానికి
'చా' దగ్గర కొంగమెడ వంపు.
ఊరంతా పోల్చుకుంది.

ఎందుకు పెట్టాడో తలో మాటా అన్నారు.
కొడుక్కి ఉద్యోగమన్నారు, కొమ్ములకి పర్మిటన్నారు,
లోకనాథం మారిపోయాడన్నారు. అదీ నిజమే,
కుళాయిల కాంట్రాక్టు బావమరిదికి ఇచ్చిన దగ్గర్నుంచీ
ఆయన మా వీధిలో నడవడం మానేశాడు.
నాకు నోటుబుక్కులో ఉన్నదే తెలుసు.
అందులో స్నేహితుడి కారణానికి నాలుగు పద్యాలు.
బయట ఎవరూ అంతసేపు చెప్పనివ్వరు.

నాటకం ఆపేస్తారనే అనుకున్నాం.
హార్మనీ మాస్టారు పెట్టె మూసి బీడీ ముట్టించాడు.
ఏడింటికి లోకనాథం వచ్చాడు, ఒక్కడే, నడిచి.
జీపు ఆఫీసుది కదా.
గొడుగు మడిచి, నీళ్లు దులిపి,
అద్దం ముందు కూర్చుని అర్దళం పూసుకున్నాడు.
పక్కన తవిటాచారి.
ఇద్దరికీ ఒకటే అద్దం, ఒకటే కాటుక గిన్నె.
గిన్నె అటూ ఇటూ జరిగింది.
మాట జరగలేదు.

చివరి అంకం.
మహేంద్రతనయ పొంగినా
పాతపట్నం వాళ్లు కూడా తడుస్తూ వచ్చారు,
పడిపోయింది వాళ్ల చైర్మన్ కాదు గనక ఇంకా హుషారుగా.
ఏడు అట్టకత్తులూ దిగాయి.
రాజు తూలాడు, పడలేదు,
పడకూడదు, ఇంకొకటి మిగిలుంది.
తవిటాచారి రావలసినచోట రాలేదు.
నేను అందించాను: "ప్రభూ, ఈ చెయ్యి..."
మళ్లీ అందించాను.
పందిరి మీద వాన.
మూడోసారి నా గొంతు
ముందు వరసకీ వినబడి ఉంటుంది.
వచ్చాడు. కత్తి ఎత్తాడు.
జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు,
నెల్లాళ్ల రిహార్సల్లో ఒక్కనాడూ చెయ్యని తప్పు.

అక్కడ రాజుకి సీసపద్యం ఉంది.
హార్మనీ శ్రుతి ఇచ్చింది.
లోకనాథం ఎత్తుకోలేదు.
కొమ్ము కొన జరీ అంగీకి ఆనేదాకా ఆగి,
అతని భుజం పట్టుకుని,
కొత్తకుర్రాళ్లకి నేర్పే గొంతుతో,
వాళ్లిద్దరికీ నాకూ తప్ప వినబడకుండా అన్నాడు:
"జనాల కాసి తిప్పరా మొహం.
సూడనీ ఆళ్లని."

తిప్పాడు.

చప్పట్లు చాలాసేపు మోగాయి.
తవిటాచారి అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదని
ఇప్పటికీ చెప్పుకుంటారు.
రాజు పడ్డాడా లేదా అన్నది ఎవరికీ గుర్తు లేదు.

ఆ రాత్రి సీసపద్యం పక్క ఖాళీలో
ఆ రెండు ముక్కలూ రాసుకున్నాను, మళ్లీ ఆడితే పనికొస్తాయని.
మాట ముందు మనిషి పేరుండాలి.
రాజు అని రాయాలా, లోకనాథం అనా?
పెన్ను ఆనించి ఆలోచిస్తూ ఉండిపోయాను.
అక్కడ పేరు లేదు,
కాగితం అవతలికి దిగిన
సిరా చుక్క ఉంది.