ముప్ఫై రూపాయల బిళ్ల

పార్క్‌లేన్‌ల రెండో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యని బిల్డింగు.
స్కూటీ మీద తువ్వాల చుట్టి తెచ్చిండు బాలనర్సయ్య,
నాంపల్లి కోర్టు గేటు కాడ పిటిషన్లు టైపుజేసేటాయన.
"సీపీయూ సచ్చిపోయింది బిడ్డా."

డబ్బా మొత్తాన్ని సీపీయూ అనే అంటరు అందరు.
నేనూ అనేదాన్ని, స్క్రూడ్రైవర్ పట్టకముందు.
మూత ఇప్పి సూపెట్టిన:
ఇగో కాకా, ఫ్యాను కింద, అగ్గిపెట్టంత కూడ లేదు,
లెక్కంతా చేసేది ఇదొక్కటే.
తక్కినదంతా దాని ఇల్లు. వైర్లు, నాంపల్లి దుమ్ము,
ఎండిపోయిన బొద్దింక ఒకటి.

"మరి రాసిందంతా యాడుంటది?"
రెండు తావుల.
ఇది ర్యాము. కరెంటు ఉన్నంతసేపే దీనికి యాది.
ఇది హార్డ్ డిస్కు. పండుకున్నా మర్వదు.

కండ్లద్దాలు పైకి తోసి నవ్విండు.
"ఓహో. ర్యామంటే జడ్జిగారి బల్ల.
గిది రికార్డు రూము, కట్టలు బూజుపట్టినా ఆడ్నే పడుంటయి.
బల్లమీదికి రానిదే జడ్జి ఏదీ సదవడు.
బల్ల సిన్నదైతే బంట్రోతు మోసి మోసి సస్తడు,
గదే కదా మీరు స్లో అనేది?"
ఆరేండ్ల సంది ఇంత సక్కగ
నేను ఎవ్వరికీ చెప్పలే.

ఆపరేటింగ్ సిస్టమంటే, అని మొదలువెడితే
చెయ్యి అడ్డం పెట్టిండు.
"ఆగు. పేష్కారు.
ఎవర్ని పిలవాల్నో, ఎంతసేపు నిలవెట్టాల్నో ఆయనకే ఎరుక.
తీర్పు ఒక్కటీ రాయడు.
ఆయన రాని దినం కోర్టే లేదు."
మరి హ్యాంగైతే?
"ఇద్దరు వకీళ్లు.
వాని కాయితం వీని చేతిల, వీని కాయితం వాని చేతిల.
ముందు నువ్వియ్యంటే ముందు నువ్వియ్యి.
పొద్దుమీకేదాక గంతే."
ప్రింటరు పెడితే డ్రైవర్ లేదంటది సూడు,
దాని భాష పేష్కారుకు రాదు,
నడుమ తర్జుమా చేసేటోడు గావాలె.
"ఉర్దూ గవాయి ఒచ్చిననాడు లెక్క."
గట్లనే.

ర్యాము ఊడబీకి
పెన్సిల్ రబ్బరుతోని దాని బంగారు పండ్లు తోమిన.
మల్ల పెట్టి బటన్ నొక్కిన.
ఒక్కటే బీప్, చిన్నది. మంచిదే.

తెర వెలిగింది. మూలకు తేదీ:
జనవరి ఒకటి, రెండువేల తొమ్మిది.

ఆయన మొకం మారింది.
"పోయిన వారం సైదమ్మ కాయితం వాపసొచ్చింది.
లారీ గుద్దకముందే గుద్దిందని రాసినవన్నరు.
తాగినవా అని అడిగిండు గుమాస్తా.
తేదీ నేను కొట్టలే బిడ్డా, అదే వేసుకుంటది."

మదర్‌బోర్డు మూల గోరు పెట్టి తీసిన
రూపాయి బిళ్లంత బ్యాటరీ.
ప్లగ్గు పీకినంక ఇంత డబ్బాల
ఇదొక్కటే మేలుకోని టైము లెక్కవెడ్తది.
ఇది సల్లవడితే
లేచినప్పుడల్లా దానికి అదే మొదటి రోజు.
కొత్తది ముప్ఫై రూపాయలు.

పాతదాన్ని కాయితంల మడిచి జేబుల ఏసుకున్నడు.
"సాక్ష్యం," అన్నడు. "గుమాస్తాకు సూపెడ్త."

తేదీ సరిజేసిన. ప్లగ్గు పీకి మల్ల పెట్టిన. నిలిచింది.
పదకొండు నలబై రెండు.
ఇంక పోవచ్చు. ఆయన పోలే.
ఇద్దరం ఆ మూలకే సూస్కుంట నిలవడ్డం
మూడు పడేదాక.