డబ్బా పడిన చప్పుడు

నా పని ఎముకలు విరగ్గొట్టడం.
నెరిమాలో, నూడుల్స్ కొట్టు కింద నేలమాళిగలో,
కిటికీ లేని గదిలో, మైకు ముందు.

పక్కటెముకలకి సెలెరీ కాడలు. ఫెళుక్కుమనాలి.
మెడకి క్యాబేజీ, తడిగుడ్డలో చుట్టి మెలితిప్పాలి.
పుర్రెకి పుచ్చకాయ అంటారు అందరూ. తప్పు.
పుచ్చకాయ నవ్వినట్టు పగులుతుంది.
గుమ్మడికాయైతే
నోరు మూసుకుని పగులుతుంది.

సాయంత్రం ఆ యుద్ధమంతా సంచిలో వేసుకుని
ఇంటికి పట్టుకెళ్తాను.
మీసో కలిపి పులుసు కాస్తాను.

మా యానిమేలో వీరుడు గొంజి,
స్నానశాలలో నేల తోమే కుర్రాడు.
ఆయుధం, ఒక చెక్క బకెట్టు.
వారానికో చెయ్యి తెగుతుంది వాడికి,
పై వారానికి మొలుస్తుంది,
ఎలాగని ఎవరూ అడగరు.
మూడో భాగంలో తెగిన చేతులన్నీ
సంఘం పెట్టుకుని సమ్మెకి దిగాయి.
నెత్తురు చిమ్మి మేడ మీద ఆరేసిన దుప్పట్లు తడిస్తే
వాడు కొట్లాట ఆపి, అవన్నీ ఉతికి, పిండి, దండెం మీద వేసి
తిరిగొచ్చి మిగతా తన్నులు తింటాడు.
శత్రువు కూడా ఆగుతాడు, పాపం,
ఒక చివర పట్టుకుని పిండుతాడు.

నవ్వొస్తుంది.
నవ్వుతూ నవ్వుతూ ఉండగా
గొంతులో చేపముల్లు.
దర్శకుడు కురాత గారికి తెలిసిన విద్య అదొక్కటే.

పోయిన మాఘమాసపు చలిలాంటి చలిలో
తమ్ముడు సుమియో పోయాడు.
లిఫ్టులు బాగుచేసేవాడు.
దహనం అయ్యాక, ఇద్దరేసి నిలబడి, పొడుగు పుల్లలతో
వాడి ఎముకలు కుండలోకి ఎత్తాం,
ముందు పాదాలు, తర్వాత పైవి,
లోపల వాడు తలకిందులు కాకుండా.
ఇరవై రెండేళ్ళుగా ఎముకలు విరుస్తున్నదాన్ని,
అసలు ఎముక చప్పుడు
అప్పుడు విన్నాను.

గుడ్డుపెంకు మీద గుడ్డుపెంకు పెట్టినట్టు.
అంతే.

ఏడవలేదు.
ఎంత దూరంలో మైకు పెట్టాలా అని
చెవి లెక్కలు వేసుకుంటోంది. సిగ్గు లేని చెవి.

సోమవారం పనిలోకి వెళ్ళాను. పదకొండో భాగం.
ఎవరూ వాడని రైలు స్టేషన్లో వదిలేసిన
పానీయాల యంత్రం ఒకటి
తొమ్మిది మీటర్లు పెరిగి ఊరిని తొక్కుకుంటూ వస్తుంది.
గొంజి దాని పొట్ట చీలుస్తాడు. బకెట్టుతోనే.
కూలుతూ కూలుతూ, చివరి దీపం ఆరేలోపు,
అది ఒక డబ్బా కాఫీ బయటికి తోస్తుంది.
మిగిలిన ఒంటిచేత్తో వాడది ఎత్తుకుని అంటాడు,
"ఇంకా వేడిగానే ఉందే."

ఊరు మొత్తం కూలడం
మధ్యాహ్నం భోజనంలోపు అయిపోయింది.
ఆ డబ్బా పడేసరికి తెల్లవారింది.

ఇనుప పళ్ళెం మీద వదిలాను. చెక్క మీద, రబ్బరు మీద.
నీళ్ళు నింపి, సగం నింపి, ఇసక పోసి.
గాజు అవతల కురాత గారు
తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.
"ఇది చల్లటి డబ్బా అమ్మా."

చప్పుడికి వేడి ఎక్కణ్ణుంచి తేను?

నాలుగింటికి, బయటికెళ్దామని కోటు తీశాను.
చలికాలం రాత్రి డ్యూటీ దిగి, ఇటుగా వచ్చి,
మాటా పలుకూ లేకుండా
సుమియో నా జేబులో ఒకటి పడేసి వెళ్ళేవాడు.
ఏంట్రా అనేలోపు మలుపు తిరిగేవాడు.
నూట ముప్ఫై యెన్ల డబ్బా.
కుడి జేబు అస్తరు అందుకే సాగిపోయి ఉంది.

ఆ జేబు తెరిచి మైకు దగ్గర పట్టుకున్నాను.
వదిలాను.

కురాత గారు తల ఊపలేదు.
లేచి, తన గదిలో దీపం ఆర్పేశారు.

ప్రసారం నాడు ఇంట్లో ఒక్కదాన్నే చూశాను.
పుర్రె పగిలింది, పేగులు తీగెలకి వేలాడాయి,
అన్నీ నా కూరగాయలే కదా, పకపకా నవ్వాను.
తర్వాత డబ్బా పడింది.

పొయ్యి మీద ఆనాటి పక్కటెముకలు
నీరింకి, అడుగంటి,
మాడిన వాసన వచ్చి, అది కూడా పోయేదాకా
లేవలేదు.