ఐదో మలుపు

విల్లోస్ ఊరి బయట, మే నెల చివరి శనివారం.
దిగువన వరి మళ్లు నీళ్లు పట్టుకుని ఉన్నాయి.
ఇక్కడ నాట్లుండవు, పసుపుపచ్చ విమానం ఒకటి
తల వంచి విత్తనం చల్లి మళ్లీ లేస్తుంది.
నేను గుట్ట మీద, ఐదో మలుపు దగ్గర,
చంకలో రెండు జెండాలు, జేబులో పల్లీలు,
జీతం లేని కొలువు.
మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్ ఇస్తారు, సగం గాలే తింటుంది.

బండి ముందు కనిపించదు.
మట్టికి తెలుస్తుంది, తర్వాత అరికాళ్లకి,
తర్వాత పక్కటెముకలకి.
చెవిదాకా వచ్చేసరికి గుట్టెక్కేసి ఉంటుంది
డెబ్బై ఒకటో నంబరు, వెండెల్ ప్రేథర్ కామరో.

అరవై తొమ్మిదిలో ఫ్యాక్టరీ దిగిన బండి అంటాడు గానీ
ఆనాటివి మిగిలింది పైకప్పూ, ఎడమ తలుపూ,
అద్దం కింద రేకు మీద కొట్టిన అంకెలూ.
ఇంజను వేరే బండిది. వెనక ఇరుసు లారీల తుక్కులోంచి.
బ్రేకులు కొన్న డబ్బు వంటగది కప్పు కోసం దాచింది,
అందుకే వానొస్తే వాళ్లింట్లో గిన్నెలు పరుస్తారు.
లోపల సీటొక్కటే, చుట్టూ ఇనప పైపుల పంజరం,
స్కూలు బస్సులు బాగుచేసే చేతులతో
అతుకు అతుకూ తనే వేశాడు.
ఇంత మార్చాక ఇంకా కామరో ఏమిటయ్యా అంటే
"నన్నింకా వెండెల్ అంటున్నారుగా" అన్నాడు,
ఆపరేషన్‌లో మార్చిన మోకాలు చరిచి చూపిస్తూ.

అతని వెనకే లోర్నా ఎస్క్‌రిడ్జ్, నల్ల మస్టాంగ్.
పళ్ల డాక్టరు. వారమంతా అందర్నీ నోరు తెరవమంటుంది.
ఏడో చుట్టులో లోపలి వైపు దూరింది.
రెండు బండ్ల మధ్య అరచెయ్యి పట్టేంత సందు.
గుట్ట నెత్తిన బరువు ఒక్క క్షణం వదిలేస్తుంది,
టైర్లు నేలని మర్చిపోతాయి,
నేను పల్లీ నమలడం మర్చిపోయాను.

ఠక్.
అంత రొదలో అంత చిన్న చప్పుడు.
నల్ల బండి రెండుసార్లు తిరిగి, ఎండుగడ్డిలోకి జారి,
వచ్చిన దిక్కుకే మొహం పెట్టి ఆగింది.
పసుపు జెండా ఊపాను, ఊపుతూనే ఉన్నాను.
దుమ్ములోంచి ఒక చెయ్యి బయటికొచ్చి
బొటనవేలు చూపించాక గానీ
ఊపిరి వదల్లేదు.

రాత్రి ట్రైలర్ల మధ్య ఒకటే దీపం.
క్లినిక్‌లో వాడే సన్న టార్చి వేసి చూసి
"మూడు పళ్లు ఊడాయి" అంది లోర్నా,
డిఫరెన్షియల్ గేరు గురించి, ఏ పేషెంటుకో చెప్పినట్టే.
వెండెల్ పాత దుప్పట్లోంచి తన స్పేరు తీశాడు.
ఇద్దరి ఇరుసులూ ఒకే జాతి లారీవి.
కామరో, మస్టాంగ్ అని జనం కొట్టుకుంటారు గానీ
కింద దూరి చూస్తే చుట్టరికం.
పన్నెండు దాకా బండి కింద నాలుగు కాళ్లు,
ఒక రెంచి, వంతులేసుకుని తిట్లు.

ఆదివారం అదే గేరుతో ఆమె అతన్ని
బండి పొడవు తేడాతో కొట్టింది.
ఆమె నాలుగు, అతను ఐదు.
మూడు దాకానే బహుమతి,
అదీ చెక్కకి అంటించిన పాత పిస్టన్.

జెండాలు చుడుతుంటే కుంటుకుంటూ గుట్టెక్కాడు.
ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది పోతోంది.
"ఇక్కడ నా బండి గొంతెలా ఉంది?"
మలుపు దాటాక, మూడో గేరులో, కొంచెం దగ్గుతోందన్నాను.
అరచేతిలో రాసుకున్నాడు.
"దగ్గా? తుమ్మా?"
మాటల్లో చెప్పడం నాకు రాలేదు.
జెండాలు గడ్డి మీద పడేసి
రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని
నోటితో చేశాను, ఎనిమిది సిలిండర్లూ, మధ్యలో ఆ ఒక్కటీ.
నవ్వలేదు.
నా పెదాలనే చూస్తూ
"మళ్లీ" అన్నాడు.