మక్తల్ బస్టాండుల స్కోప్యే

బొంబై బస్సు తొమ్మిదింటికి. ఇంక గంటుంది, కూసోండ్రి.
సంచులు కాళ్ల నడుమ పెట్టుకోండ్రి.
ఏజెంటు కాయితం మీద ఊరి పేరు రాసిచ్చిండు గని
ఊరెట్లుంటదో చెప్పలే గదా.
నేను చెప్త.
నేనా? నేను కృష్ణ దాటి రాయచూరు దాన్క పోయిన, అంతే.
ఆయన మూడేండ్ల సంది ఫోన్ల నడిపిచ్చి నడిపిచ్చి చూపిచ్చిండు.

మా అత్త ఇదే బండ మీద కూసోని
భివండి పోయేటోళ్లకు
ఏ గల్లీల నీళ్లొస్తయో, ఏ మేస్త్రి పైసలు ఎగ్గొడ్తడో చెప్తుండె.
ఆమె గూడ భివండి చూడలే.
పాలమూరుల దారి చెప్పేటోళ్లకు
పోయి చూసే తీరిక యాడిది?

మొదలు స్కోప్యే.
నడిమిట్ల వర్దార్ ఏరు, దాని మీద రాతి వంతెన.
ఈ దిక్కు అన్నీ బొమ్మలే.
గుర్రం మీదోడు, కత్తి పట్టినోడు, ఉత్తగ నిలబడ్డోడు.
ఎవరు వీళ్లంత అంటే,
"కడిగేటోన్నే అడిగిన, వానికీ తెల్వదంట" అన్నడు.
ఆ దిక్కు పాత బజారు. ఆడికి పోండ్రి, దిగులు తగ్గుతది.
దుకాణాన్ని దుక్యాన్ అంటరు.
జేబును జేబే అంటరు.
చాయ చాయే, పాలు మాత్రం పొయ్యరు.
జేబు కొట్టేటోడు గూడ ఉంటడు. పైసలు లోపలి అంగిల పెట్టుకోండ్రి.

పాత రైలు స్టేషను గోడకు ఒక గడియారముంది.
ఎన్నడో భూమి కదిలిన పొద్దు
ఐదు గంటల పదిహేడు నిమిషాల కాడ ఆగింది.
బాగు చెయ్యలే. కావాలనే చెయ్యలే.
ఆళ్ల టైము మనకంటే ఎండకాలం మూడున్నర గంటలు ఎన్క,
చలికాలం నాలుగున్నర.
చాయ పెట్టుకుంట ఫోన్ చేస్తి, ఎన్నిసార్లు నిద్ర చెడగొడ్తినో.
గా ఒక్క గడియారమే నాకు చూడొస్తది.

ఆడికెళ్లి బిటోల, బస్సుల మూడు గంటలు.
పొడుగు బజారు. బండ్లు రానియ్యరు.
పొద్దుమీకి ఊరు ఊరంత ఇస్త్రి బట్టలేసుకోని
ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తరు. పనేం లేదు, నడుసుడే.
మీరు నడిస్తే ఎవ్వరు కసరరు.
పలకరియ్యరు గూడ.

సెప్టెంబర్ల ఏ ఊరికి పోయినా ఒకటే వాసన.
ఇంటి ముంగట ఎర్ర మిరపకాయలు కాలుస్తరు,
తోలు తీసి, రుబ్బి, సీసాలల్ల పోస్తరు. కారముండదంట.
గా పొద్దు ఫోన్ల ఆయన ఏం మాట్లాడలే.
ముక్కు గుంజుకున్న సప్పుడొక్కటే.
"పొగ" అన్నడు.

ఓహ్రిద్ల చెరువుంది. చెరువంటే మన చెరువు కాదు,
అవతలి ఒడ్డున ఇంకో దేశమంట.
"అడుగు కనబడ్తది చూడు" అని ఫోను నీళ్ల మీదికి వంచిండు.
గప్పుడే మా చేన్ల మూడో బోరు ఎండింది.
గిన్ని నీళ్లు ఏ పంటకు పారుతయి అని అడిగిన.
"చూస్తందుకు" అన్నడు.
చూస్తందుకు నీళ్లా!
రెండు రోజులు మాట్లాడలే నేను.

ఆ ఒడ్డు మీద హోటలు, ఆరంతస్తులది, మనోళ్లు కట్టిన్రు.
మూడో అంతస్తు మెట్లు మలిగే కాడ
సిమెంటు పచ్చిగ ఉన్నప్పుడు మేకుతోని మక్తల్ అని రాసిండంట.
మీదికెళ్లి తెల్ల రంగేసిన్రు. కనబడదు.
చెయ్యి పెట్టి చూడండ్రి, గరుకు తాకుతదేమో.

ఇప్పుడు యాడున్నడా?
టెటోవో అన్నడు. ఇరవై రోజులాయె.
ఆ ఊరు నాకింక చూపియ్యలే.
ఎత్తు మీదుంటదో పల్లంలుంటదో,
చలి ఎంతనో, రొట్టె ఎంతనో
ఏం తెల్వది.
మీరు పోయినంక ఆ ఒక్క ఊరు
నాకు మీరే చెప్పాలె.
ఉసేనప్ప పెండ్లాం అడిగిందనుండ్రి, మనోళ్లెవరన్న చెప్తరు.

అగో, బస్సు మలుగుతుంది.
నాలుగు చాయలు, నలభై.
వచ్చినంక ఇస్తమంటే ఒప్పుకోను, ఇప్పుడే ఇయ్యుండ్రి.
అప్పు పెట్టి పోయినోనికి
ఏ ఊరు సక్కగ కనబడదు.