పది చదరపు మిల్లీమీటర్లు

గోడ విప్పితే పాత తీగ బయటపడింది.
రెండున్నర. తెల్లటి తొడుగు
మాడిన మీగడ రంగుకు తిరిగి,
గోటితో తాకితే పెళుసుగా రాలింది.
ఎవరో మిగిలిన చుట్టతో పని కానిచ్చేశాడు.

"ఇన్నేళ్లూ కాలలేదుగా" అంది ఎలునెడ్ ప్రాసర్.
కాలుతూనే ఉందమ్మా,
కాకపోతే తొందరపడలేదు.

కొత్త పొయ్యి వెనక రేకు మీద రాసుంది:
పదివేల ఎనిమిది వందల వాట్లు.
రెండు వందల ముప్పైతో భాగిస్తే నలభై ఏడు ఆంపియర్లు.
మా కుర్రాడు టెగ్విన్ నోరెళ్లబెట్టాడు.
భయపడకురా, అన్నీ ఒకేసారి వెలగవు.
మొదటి పదీ పూర్తిగా వేసుకో,
మిగతాదాంట్లో నూటికి ముప్పై,
కెటిల్ ప్లగ్గుకు ఇంకో అయిదు.
ఇరవై ఆరు.
ఈ సూత్రం రాసినవాడెవరో
వంటగదిలో నిలబడే రాసుంటాడు,
చారు పొంగగానే మంట తగ్గించే చేతిని
చూసే ఉంటాడు.

"ఎన్ని వెలిగిస్తారు, ఒకేసారి?"
"లైఫ్‌బోట్ వెళ్లిన రాత్రి నాలుగూ, ఓవెనూ.
ఏడుగురు తడిసి వస్తారు.
వాళ్లు ఒడ్డెక్కేదాకా ఏదీ ఆర్పను."

నా పెన్సిల్ ఆగింది.
పట్టికలో సముద్రానికి గడి లేదు.

పైగా గోడ నిండా గొర్రెబొచ్చు కుక్కారు, చలికని.
ఇంటికి మంచిదే, తీగకు ఉక్కపోత.
ఆరుబయట నలభై ఏడు మోసే ఆరో నంబరు
ఆ దుప్పట్లో సగానికి చతికిలబడుతుంది.
వెచ్చగా ముసుగుతన్నినవాడు బరువెత్తలేడని
నాకు ఏ పెద్దలూ చెప్పలేదు. రాగి చెప్పింది.

సరే, బొచ్చు జోలికి పోకుండా
గోడ మీద నుంచే, పదిది.
పది అంత తేలిగ్గా వంగదు,
ముసలి పొట్టేలులా మెడ బిగిస్తుంది.
మూల తిప్పేసరికి నా బొటనవేళ్లు రెండూ కందిపోయాయి.
"డబ్బు దండగ" అని టెగ్విన్ గొణిగాడు.
విననట్టు ఊరుకున్నాను.

నవంబరులో ఒక మధ్యాహ్నం పేజర్ మోగింది.
టెగ్విన్ స్క్రూడ్రైవర్ నా చేతిలో పడేసి
జెట్టీ వైపు పరుగెత్తాడు.
వాడూ ఆ ఏడుగురిలో ఒకడని
అప్పటిదాకా నేను లెక్కలోకి తీసుకోలేదు.

చీకటిపడ్డాక ఎలునెడ్ వంటగదికి వెళ్లాను.
నాలుగూ వెలుగుతున్నాయి. ఓవెన్లో రొట్టె.
దొంగచాటుగా తీగ మీద అరచేయి ఆనించాను:
నిద్రపోయే పిల్లి పొట్టంత గోరువెచ్చన.
"ఏమంటోంది?" అంది, వెనక్కి తిరగకుండానే.
"మోస్తోంది."

ఉల్లికాడల చారు ఒకసారి ఇగిరింది.
ఆమె నీళ్లు పోసింది.
మళ్లీ ఇగిరింది. ఈసారి నేను పోశాను.